పదహారు కామ్‌లు

నడిపే ముందు ఆపి చూస్తాడు.

పొద్దున షెడ్డు షట్టరు ఎత్తి, మిల్లింగ్ మిషిన్‌కు కరెంటు ఇచ్చి, కైలాసం మొదట చేసే పని అదే. మిషిన్ పక్కన చిన్న పెట్టె ఉంటుంది. దానిమీద ఎర్ర గుండీ. దాన్ని అరచేత్తో నొక్కుతాడు. లోపల ఎక్కడో టక్కుమంటుంది. కంప్యూటర్ తెరమీద మిషిన్ ఆగినట్టు గుర్తు వస్తుంది. అది చూసి, గుండీని కుడికి తిప్పి వదులుతాడు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చాక మళ్లీ. చాయ్ తాగి వచ్చాక మళ్లీ.

పక్క షెడ్డులో చేతిమిషిన్ మీద గేర్లు కోసే నాగరాజు ఇది చూసినప్పుడల్లా ఊరుకోడు.

"ఇంక నడవనే లేదు, అప్పుడే ఆపుడేంది బావా? పెండ్లికి ముందే ఇడుపు కాయితం రాసుకున్నట్టున్నది."

"ఆగుతదని ఎరికైనంకనే నడిపిస్త," అంటాడు కైలాసం. అంతకంటే చెప్పడు.

అతనికి యాభై ఆరేళ్లు. సిరిసిల్లలో పుట్టాడు. పదిహేడేళ్లప్పుడు భివండి పోయాడు. ఏడేళ్లు మగ్గం నడిపాడు, మరో ఏడేళ్లు చెడిన మగ్గాలు బాగుచేశాడు. తిరిగివచ్చి ఒక లేత్ పెట్టుకున్నాడు. ఇల్లు ముందు, షెడ్డు పక్కన, పెరడు వెనక. అందులోనే ఇప్పటిదాకా.

మిల్లింగ్ మిషిన్ ఆదిలాబాద్ దిక్కు మూతబడ్డ ఒక ఫ్యాక్టరీ వేలంలో దొరికింది. ఇనుము బాగుంది. దాన్ని నడిపించే కంట్రోల్ పెట్టె చచ్చిపోయింది. అటువంటి పెట్టెలు ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. రెండేళ్లు దానిమీద గోనెపట్టా కప్పి ఉంచాడు. కరీంనగర్ పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే విజయేందర్ ఒకరోజు ఏదో గేరు కోయించుకోవడానికి వచ్చి ఆ పట్టా ఎత్తి చూశాడు.

"దీనికి కంపెనీ పెట్టె ఎందుకు కైలాసం గారూ? లినక్స్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఉన్నది. పాత కంప్యూటర్‌ల వేస్తే చాలు. ఊరికే ఇస్తరు. లోపల ఏమున్నదో విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు."

"ఊరికే ఇచ్చేటిది నడుస్తదా సార్?"

"బతుకమ్మ పాట ఎవరన్నా అమ్ముతరా? నడుస్తలేదా?"

విప్పి చూసుకోవచ్చు అన్న మాట కైలాసానికి నచ్చింది. ఒక ఆఫీసు వాళ్లు పారేసిన కంప్యూటర్ తెచ్చాడు. నెల రోజులు అది నడవలేదు. మోటార్లకు సెకనుకు వేల సైగలు పోవాలి, ఒక్కటి ఆలస్యమైనా మోటారు తడబడుతుంది. ఆ కంప్యూటర్ కరెంటు పొదుపు చేద్దామని నడుమ నడుమ కునుకు తీసేది. ఆ సంగతి పట్టుకున్నది పోలండ్‌లో ఉండే ఒక మనిషి. అతని ముఖం కైలాసం ఎప్పుడూ చూడలేదు. కైలాసం ఇంటర్నెట్‌లో మూడు వరుసల ఇంగ్లీషు రాస్తే అతను ముప్పై వరుసల జవాబు రాశాడు. కైలాసం ఆ మాటలన్నీ తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులోకి దింపుకున్నాడు. ఒక్కో మాటకు ఎదురుగా దాని అర్థం. అర్థం దొరకని చోట ఖాళీ. ఎనిమిదేళ్లలో ఖాళీలు చాలావరకు నిండాయి.

మే నెల మొదటి సోమవారం మంజుల వచ్చింది. సంచిలోంచి రెండు అరిగిన కామ్‌లు తీసి బల్లమీద పెట్టింది.

కామ్ అంటే మగ్గం అడుగున ఇరుసుకు బిగించి ఉండే ఇనుప బిళ్ల. గుండ్రంగా ఉండదు. ఒక పక్క ఉబ్బి, ఒక పక్క అణిగి ఉంటుంది. అది తిరిగిన కొద్దీ పడుగు దారాల్లో సగం పైకి, సగం కిందికి పోతాయి. ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది. కామ్ అరిగితే సందు సరిగా తెరుచుకోదు. నాడె దారాలను తెంపుకుంటూ పోతుంది.

మంజుల ఎనిమిది పవర్‌లూమ్‌లు నడుపుతుంది. ఆ వాడలో మగ్గం నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే. భర్తకు నడుము పట్టేసినప్పుడు నాలుగు రోజులకని నిలబడింది. ఆరేళ్లయింది. మగ్గాలు ఆమెవి కావు, లచ్చయ్య అనే ఆసామివి.

"అన్నా, ఇవి చేస్తవా?"

"ఎన్ని?"

"మగ్గానికి రెండు. పదహారు."

"కొత్తయి తెప్పించుకోరాదు? భివండిల దొరుకుతయి."

"ఫోన్ చేసిన. పోత పోసేటోళ్లు బంద్ పెట్టిన్రట." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "లచ్చయ్య మామ మగ్గాలు పాత ఇనుము కింద తూకానికి ఇస్తుండు. వచ్చే సోమారం పొద్దుగాల లారీ వస్తది. నడిచేటివి ఉంచుత, నడవనియి పంపిస్త అన్నడు."

"పోతే ఏం జేస్తవ్?"

"బీడీలు. ఇంకేం జేస్త? చేతులు మర్చిపోయినయి గానీ."

కైలాసం అరిగిన కామ్‌ను కిటికీ వెలుగుకు పట్టి తిప్పాడు. అరిగినదాన్ని అరిగినట్టే కొలిస్తే ఆ అరుగుడు కొత్తదానిలోకి కూడా వస్తుంది. ఏ పక్క ఎంత పోయిందో తెలియాలి. ఆ సంగతి అతని వేలికి తెలుసు.

"ఇనుప బిళ్లలు కోపిచ్చుకొని రా. పదహారే తే, ఎక్కువ వద్దు," అన్నాడు. ఆ మాట అన్నందుకు తర్వాత బాధపడ్డాడు.

బుధవారం మంజుల కరీంనగర్ నుంచి బస్సులో బిళ్లలు తెచ్చింది. గురువారం పొద్దున మొదటిది కోశాడు. నలభై నిమిషాలు పట్టింది. మంజుల అరచేతిలో పెట్టుకుని చూసింది. వేడిగా ఉంది. ఆమె కింద పెట్టలేదు.

కరెంటు కోతల నడుమ గురువారం నాలుగు, శుక్రవారం మధ్యాహ్నానికి రెండు. ఏడోది సగంలో ఉండగా మిషిన్ ఆగింది.

తెరమీద ఒక వరుస. బల్ల హద్దు స్విచ్చిని తాకింది అని దాని అర్థం. కోత జరిగే బల్లకు రెండు చివర్లా రెండు చిన్న స్విచ్చులు ఉంటాయి. బల్ల హద్దు దాటబోతే స్విచ్చి నొక్కుకుంటుంది, మిషిన్ ఆగిపోతుంది. కానీ బల్ల నట్టనడుమ ఉంది. స్విచ్చి మూరెడు దూరంలో ఉంది. ఆగిన చోట కట్టర్ బిళ్లను తవ్వేసింది. వేలి గోరంత గుంట. కామ్‌కు గుంట ఉంటే మగ్గం ఆ చోట ప్రతిసారీ ఎగిరిపడుతుంది. బిళ్ల పక్కన పెట్టాడు.

ఇటువంటి ఆగుడు అంతకుముందు వారంలో రెండుసార్లు వచ్చింది. అప్పుడు కోస్తున్నది చెక్క, నష్టం కాలేదు. మళ్లీ నడిపితే నడిచింది. అతను పట్టించుకోలేదు.

శనివారం పొద్దంతా వెతికాడు. స్విచ్చి మార్చాడు. వైరు మార్చాడు. మోటారు వైరుకు దూరంగా కొత్త దారిలో లాగాడు. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక సౌకర్యం ఉంది. ఏ వైరులో ఏ క్షణాన ఏం వచ్చిందో తెరమీద గీత గీసి చూపిస్తుంది. కైలాసం స్టూలు వేసుకుని ఆ గీత ముందు కూర్చున్నాడు. గీత చదునుగా పోయింది. పోయి పోయి ఒక్కచోట తుమ్మముల్లులా పైకి లేచింది. మళ్లీ చదును.

విజయేందర్‌కు ఫోన్ చేశాడు.

"నాయిస్ అది, దొంగ సైగ," అన్నాడు విజయేందర్. "కట్టర్ తిప్పే మోటారు దగ్గరినుంచి వస్తుండొచ్చు. సన్నటి ముల్లు వస్తే లెక్కల పెట్టొద్దని సాఫ్ట్‌వేర్‌కు చెప్పొచ్చు. ఒక నంబరు పెంచుడే."

"ఇన్నేండ్లు రానిది ఇప్పుడెందుకు వస్తుంది సార్?"

"అది నాకు ఇక్కడినుంచి ఎట్ల తెలుస్తది?"

నంబరు పెంచాడు. సన్నటి ముళ్లు పోయాయి. లావు ముళ్లు మిగిలాయి. ఇంకా పెంచితే నిజంగా హద్దు తాకినప్పుడు కూడా మిషిన్ ఆలస్యంగా ఆగుతుంది. అక్కడితో ఆపి ఒక బిళ్ల బిగించాడు. ఇరవై ఎనిమిదో నిమిషంలో మళ్లీ ఆగింది. రెండో బిళ్ల పోయింది.

సాయంత్రం మంజుల వచ్చేసరికి నాగరాజు కూడా అక్కడే ఉన్నాడు.

"ఊరికే వచ్చిన ఫుకట్ సాఫ్ట్‌వేర్ ఫుకట్ లెక్కనే ఉంటది," అన్నాడు నాగరాజు. "గా స్విచ్చి లేదనుకొమ్మని చెప్పు దానికి. బల్ల నడిమిట్ల తిరుగుతున్నది, యాడికి వోతది?"

"అట్ల చెప్పొచ్చా అన్నా?" అంది మంజుల.

"చెప్పొచ్చు."

చాలా సులభం. ఫైలులో ఆ స్విచ్చి గురించి ఒక వరుస ఉంటుంది. ఆ వరుసకు ముందు ఒక చిన్న గుర్తు పెడితే మిషిన్ దాన్ని చదవకుండా దాటిపోతుంది. హద్దు ఉన్న సంగతే దానికి తెలియదు.

ఐదేళ్ల కింద కైలాసం ఆ గుర్తు పెట్టాడు. అప్పుడు స్విచ్చి నిజంగానే చెడింది, కొత్తది రావడానికి రెండు రోజులు. పని ఆగొద్దని పెట్టాడు. కొత్త స్విచ్చి వచ్చింది, బిగించాడు, గుర్తు తీయడం మరిచాడు. వారం తర్వాత ఒక పొద్దున బల్లను దాని మొదటి చోటికి పంపాడు. బల్ల పోయి స్విచ్చిని నొక్కింది. ఆగలేదు. బల్లకూ గోడకూ నడుమ అతని భార్య జ్యోతిరాణి కుంచెతో ఇనుప పొట్టు ఊడుస్తున్నది. గాజులు పగిలాయి. చేయి మిగిలింది. మణికట్టు మీద నాలుగు కుట్లు.

నడిపే ముందు ఆపి చూడడం అప్పటినుంచే.

"చెయ్యి మరి అన్నా," అంది మంజుల. "ఎనిమిదే గదా. నేను ఈడనే నిలవడి చూస్త. ఎవ్వల్నీ దగ్గరికి రానియ్య."

కైలాసం తలుపు దిక్కు చూశాడు. జ్యోతిరాణి చాయ్ గ్లాసులు పట్టుకుని అక్కడ నిలబడి ఉంది. గ్లాసులు ఇచ్చి లోపలికి పోయింది.

"చెయ్య," అన్నాడు.

"నాది ఎనిమిది మగ్గాల బతుకన్నా."

"చెయ్యనంటలే మంజులా. గిట్ల చెయ్యనంటున్న."

ఆమె చాయ్ తాగలేదు. గ్లాసు స్టూలు మీద పెట్టి వెళ్లిపోయింది. కొంచెంసేపటికి నాగరాజు ఆ గ్లాసు కూడా తాగి లేచాడు.

ఆదివారం పొద్దున జ్యోతిరాణి మిషిన్ తుడుస్తున్నది. రోజూ తుడుస్తుంది. చెప్పులు గడప బయట విడిచి వస్తుంది. చేమగ్గం నేసే ఆమె తండ్రి ఏనాడూ చెప్పులతో మగ్గం గుంతలోకి దిగలేదు. పనిముట్టు ముందు చెప్పులు ఉండవద్దు. పొట్టు కుచ్చుకుంటదని కైలాసం అన్నా ఆమె వినదు. కైలాసం భివండి నాటినుంచీ రబ్బరు చెప్పులు.

"దీనికి ఏమో అయ్యిందయ్యా," అంది.

"ఎరికనే. రెండొద్దులాయె చూస్తున్న."

"అది కాదు. ముట్టుకుంటే జివ్వుమంటున్నది. చీమలు పాకినట్టు."

కైలాసం వచ్చి చేయి పెట్టి చూశాడు. "నాకేం లేదు."

"చెప్పులిడువు."

అతను చెప్పులు విడిచి సిమెంటు నేలమీద నిలబడ్డాడు. వేళ్ల వెనక పక్కతో బల్లను తాకాడు. చీమలు పాకాయి.

"ఎప్పటిసంది?"

"పది పన్నెండొద్దులైతుంది. నువ్వే పరేషాన్ల ఉంటివి, చెప్పలే."

అతను కరెంటు తీసేశాడు. ఆమె చేతిలోని గుడ్డ తీసుకుని పక్కన పెట్టాడు.

తర్వాత ఒక బల్బు హోల్డరు తెచ్చి, ఒక వైరు కరెంటుకు, ఒక వైరు ఎర్తుకు పెట్టాడు. ఎర్తు బాగుంటే బల్బు ఇంట్లో వెలిగినట్టే వెలగాలి. ఆరిపోతున్న బీడీ కొసలాగ ఎర్రగా ఉంది. మిషిన్‌లో పుట్టే చిల్లర కరెంటు భూమిలోకి పోవాలి. పోయే తోవ లేదు. ఇనుములో తిరుగుతున్నది. స్విచ్చి వైరులోకి ముల్లులా గుచ్చుతున్నది అదే.

పెరట్లోకి పోయాడు. ఎర్తు గుంత పన్నెండేళ్ల కింద, లేత్ ఒక్కటే ఉన్నప్పుడు, తనే తవ్వాడు. కడ్డీ దింపి, బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర పోసి పూడ్చాడు. చుట్టూ మట్టి తడిగా ఉంటేనే అది కరెంటును భూమిలోకి లాగుతుంది. ఇప్పుడు అక్కడ మట్టి పెంకులు పెంకులుగా లేచి ఉంది. పగులులో వేలు పెడితే రెండో కణుపు దాకా పోయింది.

గుంత పక్కన ఒక చదరపు మచ్చ. అక్కడ బండ ఉండేది. బాసండ్లు తోమే బండ. పన్నెండేళ్లు జ్యోతిరాణి దానిముందు గొంతుక్కూర్చుని పొద్దున, సాయంత్రం తోమింది. ఆ నీళ్లన్నీ ఈ గుంతలోకే ఇంకాయి. మోకాళ్లు నొస్తున్నాయని ఆమె అంటే ఉగాది తర్వాత కైలాసం వంటింటి పక్కన నడుమెత్తు సిమెంటు గద్దె కట్టించాడు. నిలబడి తోముకోవచ్చు. నీళ్లు పైపులో పడి మోరీలోకి పోతాయి. బండ తీసి గోడకు ఆనించింది కూడా తనే.

ఆమె వెనక వచ్చి నిలబడింది. అతను చెప్పాడు. ఆమె కాసేపు ఆ మచ్చను చూసింది.

"అయితే పన్నెండేండ్లు నీ మిషిన్లకు నీళ్లు పోసి సాదింది నేనన్నట్టు."

"అవును."

"ఒక్కనాడన్న చెప్పలేదు."

"నాకే ఎరికలే."

ఆమె నవ్వింది. పోయి దొడ్డుప్పు డబ్బా తెచ్చింది. కైలాసం గడ్డపారతో గుంతను కదిలించి ఉప్పు పోశాడు. ఆమె బకెట్లతో నీళ్లు అందించింది. మొదటి బకెటు చప్పుడు చేసుకుంటూ పగుళ్లలోకి పోయింది. రెండోది కూడా. నాగరాజు గోడమీదినుంచి తొంగిచూశాడు.

"ఏంది బావా, మిషిన్‌కు ఎండదెబ్బ తగిలిందా?"

"తగిలింది."

నాగరాజు ఇంకేదో అనబోయి, గోడ దిగి వచ్చి బకెటు అందుకున్నాడు. ఆరో బకెటు తర్వాత కైలాసం లోపలికి పోయి బల్బు చూశాడు. పసుపుపచ్చగా ఉంది. తొమ్మిదో బకెటుకు తెల్లబడింది.

మిషిన్ ముందుకు వచ్చి నంబరును మళ్లీ పాత చోటికి దించాడు. గీత చూశాడు. తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా చదును. ఒక మంచి బిళ్ల బిగించేసరికి పొద్దున పదకొండు గంటలైంది. అరగంటకోసారి జ్యోతిరాణి పెరట్లోకి పోయి ఒక బకెటు పోసి వచ్చింది. మిషిన్ ఆగలేదు. ఎండ కిటికీలోంచి నేలమీదికి, నేలమీదినుంచి గోడమీదికి పోయింది. చివరి బిళ్ల దిగేసరికి గోడమీద కూడా లేదు.

మొత్తం పద్నాలుగు. ఆదివారం. బిళ్లలు కోసే షాపులు మూసి ఉన్నాయి. పద్దెనిమిది తెమ్మంటే అయిపోయేది.

మంజులకు ఫోన్ చేసి, ఏడు మగ్గాలకు అయినయి అన్నాడు. "ఏడు," అంది ఆమె. అడిగినట్టు లేదు. ఎవరికో చెప్పినట్టు ఉంది.

మరునాడు పొద్దున ఆరింటికి కైలాసం బియ్యం సంచిలో కామ్‌లు వేసుకుని, పానాలు తువ్వాలలో చుట్టుకుని సైకిల్ మీద లచ్చయ్య షెడ్డుకు పోయాడు. లారీ అప్పటికే వచ్చి ఉంది. వెనక తలుపు దించి, షెడ్డు వాకిలికి ఆనించి నిలిపారు. ముగ్గురు హమాలీలు మెట్లమీద కూర్చుని బీడీలు తాగుతున్నారు. లచ్చయ్య భుజాన తువ్వాలతో నిలబడి ఉన్నాడు. మంజుల మొదటి మగ్గం దగ్గర, తెగిన దారాలన్నీ ముడివేసి, సిద్ధంగా.

"తెచ్చినవా?" అన్నాడు లచ్చయ్య.

"ఏడింటికి తెచ్చిన లచ్చన్నా. ఒక దానికి తక్కువైనయి."

"ముందుగాల ఒకటి నడిపియ్యి."

కైలాసం మగ్గం కింద పడుకుని పాతవి విప్పాడు. కొత్తవి ఎక్కించాడు. ఇరవై నిమిషాలు. బయటికి వచ్చి చేత్తో ఇరుసును ఒక చుట్టు తిప్పి, పడుగు తెరుచుకోవడం చూశాడు. మంజులకు తల ఊపాడు. ఆమె హ్యాండిల్ లాగింది.

మగ్గం నడిచింది. షెడ్డంతా ఒక్క మగ్గం చప్పుడు. లచ్చయ్య కళ్లు మూసుకుని విన్నాడు. జానెడు బట్ట దిగింది. ఒక్క దారం తెగలేదు. అతను వంగి బట్టను వేళ్ల నడుమ నలిపి చూశాడు.

"ఏడు ఉండనీయిండ్రి," అన్నాడు హమాలీలతో. చివరి మగ్గం చూపించాడు. "అది తీసుకపోండ్రి."

"రెండొద్దులు ఆగు మామా. దానికి గూడ అన్న చేస్తడు," అంది మంజుల.

"నడిచేది ఉంటది, నడవనిది పోతది అని చెప్పిన. మాట అన్నంక అన్నట్టే."

హమాలీలు సుత్తులు తీసుకుని లోపలికి వచ్చారు. ఎనిమిదో మగ్గం విప్పడం మొదలైంది. మంజుల అటు వీపు పెట్టి, మగ్గం ఆపి నాడెలో దారపు కండె మార్చి, మళ్లీ నడిపింది.

కైలాసం సంచి తీసుకుని రెండో మగ్గం దగ్గరికి పోయాడు. కిందికి వంగి చూశాడు. ఏమీ కనిపించలేదు. లేచి వాకిట్లోకి వచ్చాడు.

"లారీ జర ముందుకు తీయ్ తమ్మీ," అన్నాడు డ్రైవర్‌తో. "వెలుగుకు అడ్డమున్నది."

డ్రైవర్ లోపలికి తొంగి చూశాడు. నడుస్తున్న మగ్గాన్ని, దాని ముందున్న ఆడమనిషిని చూశాడు. పోయి లారీ ముందుకు తీశాడు. ఎండ వాకిట్లోంచి మగ్గాల కిందికి వచ్చింది.

కైలాసం తువ్వాల పరిచి, రెండో మగ్గం కిందికి దూరాడు.